పొదకు ఇటువైపు వసంతలక్ష్మి

సెప్టెంబరు రెండో శనివారం పొద్దున పది గంటల నలభై నిమిషాలకు, అమెరికాలోని మోరిస్‌విల్‌లో, వసంతలక్ష్మి చున్నీ హాలీ పొదలో చిక్కుకుంది. చున్నీతో పాటు వసంతలక్ష్మి కూడా పొదలోనే ఉంది. హాలీ ఆకు అంచు చుట్టూ ముళ్ళుంటాయి. ముందుకు కదిలితే చున్నీ చిరుగుతుంది, వెనక్కి కదిలితే మోచెయ్యి గీరుకుంటుంది. చున్నీ వదిలేసి పోదామంటే అది పోచంపల్లిది. ఎవరినైనా కేకేద్దామంటే, కేకేయదగిన పద్నాలుగు మందీ పొదకు అవతల పక్కింటి గరాజులోనే ఉన్నారు. వాళ్ళేం చేస్తున్నారో వినడానికే ఆమె పొదలో దూరింది. అందుకని కదలకుండా నిలబడింది. రెండు పాటలయ్యేదాకా అలాగే నిలబడింది.

మూడో పాటకు ముందు ఆ ఇంటావిడ ఒక్సా సోయికూర కోసుకోవడానికి బయటికి వచ్చింది. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. పొదలో మనిషిని చూసింది. ఆశ్చర్యపోలేదు, పలకరించలేదు. లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చి, చిక్కుపడిన మూలను రెండంగుళాల మేర కత్తిరించి, ఆ ముక్కను వసంతలక్ష్మి చేతిలో పెట్టింది. తర్వాత సోయికూర కోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మరుసటి శనివారం పొద్దున చూస్తే పొద పక్కన, సరిగ్గా వసంతలక్ష్మి నిలబడ్డ చోట, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది.

"చూసినవా, ఎంత పొగరో" అంది వసంతలక్ష్మి భర్తతో.

చక్రపాణి ట్రయాంగిల్ పార్కు అనే ఆఫీసుల పేటలో ఏదో కంపెనీకి డేటాబేస్‌లు చూసే మనిషి. ఏ విషయాన్నైనా ఉన్నదున్నట్టు తీసుకుంటాడు. "నిలబడి వింటే నీ కాళ్ళు నొస్తయని వేసింటది" అన్నాడు.

"నేనేం వినలే. చున్నీ పోతే తెచ్చుకుందామని పోయిన."

"పోయింది చున్నీయా, కోరసా?"

అడిగింది సరైన ప్రశ్నే కాబట్టి వసంతలక్ష్మి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వసంతలక్ష్మిది హనుమకొండ. మోరిస్‌విల్‌లో కొంచెం పాతబడ్డ తెలుగు ఆడవాళ్ళందరికీ ఆమె తెలుసు, వాళ్ళందరి కొలతలూ ఆమెకు తెలుసు. పదమూడేళ్ళుగా గరాజులో మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్ వేస్తుంది. కానీ ఊళ్ళో ఆమె పేరు నిలిచింది కుట్టుపనితో కాదు. పదకొండేళ్ళుగా చెరువు పక్క పార్కులో బతుకమ్మకు పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఒక వరుస ఎత్తుకుంటే మిగతావాళ్ళు చప్పట్లు కొడుతూ అదే వరుస అందుకుంటారు. పాత పాటలతో ఆగదు. నిలబడ్డ చోటే వరుసలు కట్టేస్తుంది. "ఫణి కొత్త కారు కొనె ఉయ్యాలో, పార్కింగ్ దొరకదాయె ఉయ్యాలో" అని ఒకసారి కట్టింది. ఫణి నెల రోజులు ఆ పార్కు వైపు రాలేదు.

ఆ పద్నాలుగు మందీ తన మనుషులేనని ఆమె లెక్క. అందులో ఉజ్వల మరీను. ఉజ్వలది తెనాలి. వచ్చిన కొత్తలో బతుకమ్మంటే ఏమిటో తెలియదు. ఎక్కడ చప్పట్లు పడాలో, ఎక్కడ వంగాలో, ఎక్కడ గాలి పీల్చుకోవాలో అన్నీ వసంతలక్ష్మే నేర్పింది. ఇప్పుడు వరుస సగంలో ఉండగానే మిగతా సగం పసిగట్టేది ఉజ్వలే.

ఒక్సా పక్కింటికి వచ్చి మూడేళ్ళయింది. ఎస్టోనియా దేశంలో ఆగ్నేయపు మూల, రష్యా సరిహద్దుకు అటు కొన్ని ఊళ్ళు, ఇటు కొన్ని ఊళ్ళు. అక్కడివాళ్ళను సేతోలంటారు. వాళ్ళ మాటనూ సేతో అనే అంటారు. ఆ దేశపు రాజధానిలో మాట్లాడితే సగం మందికి సగమే అర్థమవుతుందట. మాట్లాడేవాళ్ళు కొద్ది వేల మంది. ఒక్సా పాలకేంద్రంలో పనిచేస్తూ, ట్రాక్టర్లు అమ్మడానికి వచ్చిన అమెరికా ఆయన్ని పెళ్ళి చేసుకుని ముప్పై ఏళ్ళ కిందట ఈ దేశం వచ్చింది. ఆయన పోయి చాలా కాలమైంది. నార్త్ కరోలినాలో ఆవిడకు తెలిసి సేతో మాట్లాడేది ఆవిడొక్కతే. ఆదివారం ఆదివారం అక్కడి చెల్లెలి వరస ఆవిడకు ఫోన్ చేస్తుంది. మాటలకు ఫోన్ సరిపోతుంది, పాటకు సరిపోదు. ఒకరు ఎత్తుకున్నది ఇంకొకరికి చేరేసరికి అర సెకను ఆలస్యమవుతుంది, ఆ అర సెకనులో పాట విరిగిపోతుంది.

ఇవన్నీ వసంతలక్ష్మికి ఉజ్వల చెప్పిన సంగతులే. అదే ఆమె బాధ. మూడేళ్ళుగా పక్కింట్లో ఉన్నది తను, సంగతులు తెలిసింది ఉజ్వలకి.

జూన్‌లో ఒకరోజు ఉజ్వల వాకింగ్‌కు పోతోంది. ఒక్సా పెరట్లో కలుపు తీస్తూ పాడుతోంది. ఒక వరుస పాడుతుంది, ఆగుతుంది, మళ్ళీ ఇంకో వరుస పాడుతుంది. ఆగడం ఊపిరి కోసం కాదు. సరిగ్గా ఒక వరుస పట్టేంత సేపు ఆగుతోంది. ఉజ్వల ఉండబట్టలేక ఇంగ్లీషులో అడిగింది.

"మధ్యలో ఆపుతున్నారెందుకండీ?"

"అక్కడ మిగతావాళ్ళు పాడతారు."

"మిగతావాళ్ళెవరు?"

"ఇక్కడ లేరు" అంది ఒక్సా, కలుపు మొక్క మట్టి దులుపుతూ. "వాళ్ళ చోటు ఉంచుతున్నాను."

తర్వాతి వరుస పాడి ఆగింది. ఏం జరిగిందో ఉజ్వలకే సరిగ్గా తెలియదు. పదకొండేళ్ళ అలవాటు. ఖాళీ వచ్చేసరికి నోరు దానంతటదే అందుకుంది. అర్థం ఒక్క ముక్క తెలియదు, వరుస మాత్రం పొల్లుపోకుండా తిరిగి వెళ్ళింది. ఒక్సా చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది. మూడో వరుస ఎత్తుకుందట.

అలా మొదలైంది. జూలైకి నలుగురయ్యారు, ఆగస్టుకి పద్నాలుగు మంది. శనివారం పదింటికి గరాజు తలుపు లేస్తుంది. ఒక్సా టీ కాస్తుంది, షాజీరా వేసి చేసిన జున్నులాంటి ముద్ద కోసి పెడుతుంది. ఆ పాటను లేలో అంటారట. ఒకరు ఎత్తుకుంటారు, అందరూ అందుకుంటారు, అందుకునేవాళ్ళలో ఒక్క గొంతు మిగతా అన్నిటికంటే పైన, తీగ లాగినట్టు నిలబడాలి.

వసంతలక్ష్మిని పిలవలేదా అంటే, మొట్టమొదట పిలిచింది ఆమెనే.

"రా అక్కా, నీకైతే ఇట్టే వచ్చేస్తుంది" అంది ఉజ్వల.

"నేనెందుకొస్తనే? నేను ఎత్తుకునేదాన్ని. అందుకునేదాన్ని కాదు."

ఆ మాట బాగుందని అప్పుడు అనిపించింది. తర్వాత ప్రతి శనివారం పది గంటలకు అంత బాగా లేదనిపించేది. మిషన్ తొక్కుతుంటే పొద అవతలి నుంచి తన పద్నాలుగు గొంతులూ వేరే ఆవిడ వరుసను మోసుకొచ్చేవి. ఎవరెవరి గొంతో కూడా తెలిసేది. ఆ పైన నిలబడే తీగ గొంతు ఉజ్వలది. పదకొండేళ్ళలో ఆ గొంతు తన దగ్గర ఎప్పుడూ వినిపించలేదు.

ఎదురుగా అనలేక ఉజ్వలతో పక్కదారిన అనేది.

"ఆ జున్నులో గుడ్డు ఏస్తరంట గదా. మీ అత్తగారికి తెల్సా?"

"మా అత్తగారే రెసిపీ అడిగింది అక్కా."

కూతురు హాసిని హైస్కూల్లో చదువుతుంది. చూసి చూసి ఒకరోజు అంది: "అమ్మా, నువ్వు ఆమె మీద జెలస్ ఉన్నావు. ఇట్స్ ఓకే."

"ఆమె మీద నాకెందుకే? ఆమె మన భాష కూడ కాదు."

"అందుకే జెలస్."

ఇంతలో మీద ఇంకొక పిడుగు పడింది. తెలుగు సంఘంలో ఈ ఏడు పండగల బాధ్యత రష్మిది. మంచి పిల్లే, కానీ ప్రతి పనికీ ఒక స్ప్రెడ్‌షీట్ ఉంటుంది. ఇంటికొచ్చి, కూర్చుని, చల్లగా చెప్పింది.

"ఆంటీ, పోయినేడు వెనక రింగులకు పాట వినపళ్ళేదని ఫీడ్‌బ్యాక్ వచ్చింది. ఈసారి కోరస్ స్ట్రాంగ్‌గా ఉంటే సరే. లేకపోతే స్పీకర్లు తెచ్చి పెడుతున్నా, ట్రాక్ వేసేస్తాం. మీకూ రెస్ట్."

"నాకు రెస్ట్ ఎవరడిగిన్రు?"

"అంటే, ఇక ముందు కూడా అదే కంటిన్యూ చేద్దామని."

కోరస్ బలంగా ఉండాలి. కోరస్ ఏమో శనివారాలు పక్కింట్లో ఉంది. ఇలాంటప్పుడు తెలివిగల మనిషి పక్కింటికి వెళ్తుంది. వసంతలక్ష్మి ఏం చేసిందో చెప్పాలంటే జాకెట్ల సంగతి చెప్పాలి.

బతుకమ్మకు పద్నాలుగు మంది జాకెట్లూ ఆమె దగ్గరే. ఉజ్వల తన పట్టు గుడ్డ ఇవ్వడానికి వచ్చి, కొలతలు తీస్తుంటే సన్నగా పాడుకుంటోంది. మాట చివర గొంతులో చిన్న తలుపు మూసుకున్నట్టు ఒక చప్పుడు చేస్తోంది.

"ఎక్కిళ్ళా? నీళ్ళు తాగరాదు" అంది వసంతలక్ష్మి.

"కాదక్కా, సేతోలో మాట చివర అలా ఆపాలి. నెల పట్టింది రావడానికి. ఒక్సా గారు మొన్న ఏమన్నారో తెలుసా? వాళ్ళ ఊళ్ళో పుట్టినట్టే ఉందన్నారు నా గొంతు."

వసంతలక్ష్మి టేపు చుట్టి బల్ల మీద పెట్టింది. ఉజ్వల వెళ్ళిపోయాక సుద్దముక్క తీసుకుని పట్టు గుడ్డ మీద గీత గీసింది. గీసి, కాసేపు చూసి, ఆ గీతను అరంగుళం లోపలికి జరిపింది. అరంగుళం పెద్ద లెక్కలోది కాదు. తిరగొచ్చు, వంగొచ్చు, ఫొటోలో మరీ బాగుంటుంది. నిండుగా ఊపిరి పీల్చడానికి మాత్రం కుదరదు. తీగ గొంతుకు ఊపిరి కావాలి. శనివారం పాటకు ఎట్లాగూ ఆ కొత్త జాకెట్టే తొడుక్కుని పోతుంది, ఒక్సాకు చూపించడానికి. పోనీ.

ఒక్కదానికే చేస్తే అన్యాయమనిపించింది. మిగతా పదమూడూ కూడా అరంగుళం జరిపింది. తన జాకెట్టు మాత్రం ఎప్పటి కొలతే.

అయితే గాలివానకు రెండు రోజులు కరెంటు సరిగ్గా రాక, మిషన్ మోటారు బెల్టు తెగి, పని వెనకబడింది. జాకెట్లు శనివారం పాటకు అందలేదు. పై శనివారం పండగ. దాని ముందురోజు సాయంత్రానికి అందాయి. తొడిగి చూసుకునే టైము ఎవరికీ లేదు. అరంగుళం కుట్టింది ఒక్సా గరాజు కోసం. అది పోయి చేరింది తన బతుకమ్మకే. ఈ సంగతి వసంతలక్ష్మికి పార్కులో, మొదటి వరుస ఎత్తుకున్నాక గానీ తట్టలేదు.

చెరువు గట్టున మూడొందల మంది. బంతులు, చామంతులు, ఇక్కడ దొరికే పేరు తెలియని పసుపు పూలు పేర్చిన బతుకమ్మలు మధ్యలో. రష్మి ఒక పక్కన స్పీకర్లు నిలబెట్టి వైరు చేతిలో పట్టుకుని ఉంది. ఒక్సా కూడా వచ్చింది, ఉజ్వల పిలిస్తే. ఎర్ర చేతుల వదులు చొక్కా, మెడలో గొలుసులు, రొమ్ము మీద పళ్ళెమంత వెండి బిళ్ళ. తులాల కొద్దీ బంగారం వేసుకున్నవాళ్ళంతా ఆ వెండి పక్కన నిలబడి ఫొటోలు దిగారు. వసంతలక్ష్మి మెడలో కొత్త హారం ఉంది. ఎవరూ అడగలేదు.

గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

"చెరువు గట్టు నిండె ఉయ్యాలో, చీరల సందడాయె ఉయ్యాలో."

పద్నాలుగు మందీ అందుకున్నారు. "చెరువు గట్టు" దాకా వచ్చింది. "నిండె" దగ్గర సగం మంది ఆగారు. "ఉయ్యా" అని ఒక్కరిద్దరు, అది కూడా పక్కవాళ్ళకు చెవిలో చెప్పినట్టు. చప్పట్లు మాత్రం బాగా వినిపించాయి. రెండో వరుస ఇంకా అన్యాయం. ఉజ్వల ముఖం వంకాయ రంగుకు తిరుగుతోంది. రష్మి వైరు చివర చూసుకుని స్పీకరు వైపు ఒక అడుగు వేసింది.

వసంతలక్ష్మికి అప్పుడు తట్టింది. కుట్టిందెవరో, ఎందుకు కుట్టిందో, ఇప్పుడు ఎవరి పాట పోతోందో, అన్నీ ఒకేసారి తట్టాయి. ఏం చేయాలో తోచక మూడో వరుస ఎత్తుకుంది. అలవాటు ప్రకారం ఆగింది. ఆ ఖాళీలో ఏమీ రాలేదు.

అప్పుడు వలయం చివరి నుంచి ఒక్క గొంతు ఆ వరుసను అందుకుంది. ఒక్సా. తెలుగు ఒక్క ముక్క రాదు. కానీ చెవిలో పడ్డ వరుసను తిరిగి ఇచ్చేదాకా కింద పెట్టకపోవడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పని. మాటలు కొంచెం వంకరపోయాయి, "ఉయ్యాలో" కాస్తా "ఉయ్యెలో" అయింది. పాట మాత్రం వసంతలక్ష్మి ఎత్తుకున్న దానికంటే ఒక మెట్టు పైన నిలబడి, చెరువు దాటి అవతలి పార్కింగ్ దాకా పోయింది. వెనక రింగుల వాళ్ళు తలలు తిప్పారు.

తన వరుస తన దగ్గరికి అంత బాగా ఎప్పుడూ తిరిగి రాలేదు. వసంతలక్ష్మికి అన్నిటికంటే కష్టమనిపించింది అదే.

ఇంతలో టప్ మని చిన్న చప్పుడు. ఉజ్వల జాకెట్టు హుక్కు ఒకటి తెగింది. ఉజ్వల పైట సర్దుకుని, ఒక్కసారి గుండెల నిండా గాలి పీల్చి, ఒక్సా పక్కన తన గొంతు నిలబెట్టింది. మిగతా పదమూడు మందీ చూశారు. ఒకరి తర్వాత ఒకరు పైట కింద చెయ్యి పోనిచ్చారు. ఐదు నిమిషాల్లో కోరస్ పూర్తిగా లేచింది. ఆ తర్వాత రెండు గంటలు ఎవరూ స్పీకర్ల ఊసెత్తలేదు. రష్మి వైరు చుట్టి సంచిలో పెట్టుకుంది.

"వచ్చే ఏడు కూడా మీరేనండీ ఆంటీ, డౌటే లేదు" అంది దగ్గరికొచ్చి. "కానీ ఆ ఆంటీని మాత్రం తప్పకుండా తీసుకురండి."

మొదటి సగం వసంతలక్ష్మి విన్నది. రెండో సగం కూడా వినక తప్పలేదు.

సత్తుపిండి పంచుతుంటే ఉజ్వల పక్కకొచ్చి నిలబడింది, ఒక చేత్తో పైట పట్టుకుని.

"అక్కా, కొత్త టేపు కొనుక్కోకూడదూ?"

"ఎందుకే?"

"పాతదాంట్లో అరంగుళం అరిగిపోయినట్టుంది."

"పండగని గారెలు తిన్నరు, లావైనరు."

"పద్నాలుగు మందిమీ ఒకే గారె తిన్నామా అక్కా?"

వసంతలక్ష్మి గిన్నెలో చూస్తూ ఇంకో రెండు సత్తు ముద్దలు ఉజ్వల చేతిలో పెట్టింది. "రేపు పొద్దున అందరివీ తెమ్మని చెప్పు, ఇప్పి కుడుత" అంది. ఉజ్వల ముద్దలు నోట్లో వేసుకుంది. పదకొండేళ్ళ స్నేహంలో వాళ్ళు క్షమాపణలు చెప్పుకున్న తీరు ఇదే.

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ వెళ్ళేముందు ఒక్సా వలయం మధ్యకు వచ్చింది. వాళ్ళ ఊళ్ళలో, వచ్చిన చుట్టం వెళ్ళబోయే ముందు ఇంటావిడ పేరు పెట్టి నాలుగు వరుసలు కట్టి పాడాలట. ఎత్తుకుంది. మొదటి వరుసలోనే "వసంత" అని వినిపించింది. అంతే అర్థమైంది, మిగతాదంతా సేతో. పద్నాలుగు మందీ హుక్కులు వదులుగా పెట్టుకుని, నిండు గొంతులతో, ఆ వరుసను వసంతలక్ష్మి ముఖం మీదే తిరిగి పాడారు. నాలుగు వరుసలు అనుకున్నది ఆరయ్యాయి. నాలుగో వరుస దగ్గర ఉజ్వల నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమన్నదే?" అంది వసంతలక్ష్మి.

"నువ్వే అడుగు అక్కా."

"నీకు తెల్సా?"

"నాలుగు వరుసలు తెలుసు. పోయిన శనివారం గరాజులో రిహార్సల్ చేశాం. అర్థం అప్పుడే చెప్పారు."

అంటే తన పాట తనకంటే ముందు ఉజ్వలకి తెలుసు. వసంతలక్ష్మి ఆ రాత్రంతా ఫోన్ వదల్లేదు. ఎవరో తీసిన వీడియో పెట్టి అనువాదం అడిగితే, భాష గుర్తుపట్టలేకపోయామని ఫోన్ చెప్పింది. మళ్ళీ అడిగితే మేక గురించి ఏదో చెప్పింది.

"మేక మంచిదే గదా" అన్నాడు చక్రపాణి.

ఆదివారం పొద్దున, విప్పాల్సిన పద్నాలుగు జాకెట్లు బల్ల మీద కుప్ప పోసి ఉండగా, వసంతలక్ష్మి పెరట్లోకి వెళ్ళింది. కుర్చీ అక్కడే ఉంది. ఎవరో మంచు తుడిచినట్టున్నారు, పొడిగా ఉంది. కూర్చోలేదు. కుర్చీ పక్కన నిలబడి, పొద పైనుంచి తల పెట్టి చూసింది. ఒక్సా సోయికూర దగ్గరే వంగి ఉంది.

"మూడొందల మందిల నా పేరు పెట్టి పాడిన్రు" అంది వసంతలక్ష్మి. ఇంగ్లీషులోనే అంది కానీ హనుమకొండ ఇంగ్లీషు. "పొగిడిన్రో, తిట్టిన్రో నాకు తెల్వదు. ఉజ్వలకు తెల్సు. నా పాట ఉజ్వలకు చెప్పి నాకు చెప్పకపోవుడు న్యాయమా?"

ఒక్సా నడుము నిటారు చేసుకుంది, చేతికంటిన మట్టి దులిపింది, పొదను ఒకసారి, కుర్చీని ఒకసారి చూసింది.

"ఉజ్వల గరాజులోకి వచ్చి అడిగింది" అంది. "నువ్వు పొదలోంచి అడుగుతున్నావు."